ఓడలో డాక్టరమ్మ అడగని మాట

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కర్ఖేలిలోని మన ఇంట్లో చుట్టాలందరూ తిని వెళ్ళిపోయాక, మన చెల్లె సునీత నీ అంతరిక్షం గేమ్ నేర్పమంది. నువ్వు నాకు చెప్పినవే చెప్పాను. మొదట్లోనే పాయింట్లన్నీ తుపాకీకి పెట్టకు, మాట్లాడే నేర్పుకు కొన్ని పెట్టు. గ్రహం మీద దిగే ముందు ఓడలో ప్రతి ఒక్కరినీ పలకరించు.

సునీత ముందు డాక్టరమ్మను పలకరించింది. తెర మీది ఇంగ్లీషు తనే చదివి, "గాయం మానింది, పోవచ్చు అంటున్నది" అని చెప్పింది.

"తిన్నవా తమ్మీ అని అడగలేదా?" అన్నాను.

"గట్ల ఏడున్నది అన్నా? ఓడ నడిపేటోన్ని తిన్నవా అని ఎవరడుగుతరు?"

నేను ఏడో తరగతిలోనే బడి మానేశాను కాబట్టి ఆ మాటలన్నీ నువ్వే చదివి మన తెలుగులో చెప్పేవాడివి. నేను తినలేదంటే ఆట ముందుకు పోదనేవాడివి. నమ్మి, పోయి తినొచ్చేవాణ్ణి.

డాక్టరమ్మను ఇంకోసారి పలకరించమన్నాను. ఆమె మళ్ళీ అదే మాట అంది.

"మరి దిగాల్నా?" అంది సునీత.

"జర ఆగు" అని లేచి వంటింట్లోకి వెళ్ళాను. పొద్దుటి నుంచి నేనేమీ తినలేదు. కంచంలో అన్నం పెట్టుకుని, సునీత పక్కనే కూర్చుని తిన్నాను. అయిపోయాక దిగమన్నాను.