తలుపు తట్టేవారికి

వృత్తిరీత్యా పుస్తకాల బైండరును, ముప్పై ఒక్క ఏళ్లుగా ప్రార్థన మందిరంలో వాక్యం చెబుతున్నవాణ్ణి, సంఘంలో చిన్నా పెద్దా అందరూ ‘ఉరుము’ అని పిలిచేవాణ్ణి, అరవై ఎనిమిదేళ్లవాణ్ణి అయిన నేను, నాలుగో అంతస్తులోని నా ఇంట్లో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, ఎవరి ఒత్తిడీ లేకుండా, బుద్ధి నిలకడగా ఉండగా, నా సొంత చేత్తో కాగితం మీద రాసుకుంటున్న మొదటిదీ చివరిదీ అయిన వీలునామా ఇది. బుద్ధి నిలకడగా ఉందన్నాను. మనసు నిలకడగా ఉందని మాత్రం రాయను. అది అబద్ధసాక్ష్యం అవుతుంది.

డాక్టరు నా ఊపిరితిత్తుల ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, నెలల్ని వేళ్ల మీద లెక్కపెడుతూ మూడో వేలి దగ్గర ఆగిపోయాడు. నాలుగో వేలు ముడిచేవాడేమోనని చూశాను. ముడవలేదు.

నా తదనంతరం నా భార్య ఈ ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆమెకు వెలుగూ నీడా తప్ప ఇంకేమీ కనపడవు. మాకు పిల్లలు లేరు. కాబట్టి ఈ వీలునామా అంతా ఒక్కదాని కోసమే: రోజూ పొద్దున ఒక మనిషి మెట్లెక్కి వచ్చి ఆమె తలుపు తట్టాలి. మిగతా రాతంతా ఆ మనిషిని వెతుక్కోవడమే.

1. ఈ వీలునామాకు అమలుదారుగా నా మేనకోడల్ని నియమిస్తున్నాను. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పద్నాలుగు నెలలుగా నాతో మాట్లాడదు. కాదనే హక్కు ఆమెకుంది. అయినా నన్ను పొగిడేవాళ్ల చేతుల్లో ఈ పని పెట్టలేను. పొగిడేవాళ్లు ఏం చేస్తారో నాకు తెలుసు.

2. ఈ రెండు గదుల ఇల్లు, మంచం, బీరువా, గిన్నెలూ చెంబులతో సహా, సర్వహక్కులతో నా భార్యకు చెందుతుంది. దీనికి వేరే హక్కుదారులెవరూ లేరు.

అయితే ఇల్లు రాసిచ్చినంత మాత్రాన ఇంట్లో మనిషి క్షేమంగా ఉంటుందా? కింద గేటు, ఫోను చూపిస్తే తప్ప తెరుచుకోదు. ఇంటికి మందులు తెచ్చినవాడికి ఫోనులో వచ్చిన నాలుగంకెలు చదివి చెప్పాలి. ఆమె ఎక్కణ్ణించి చదువుతుంది? పొద్దున ఎనిమిదింటికి ఆమె ఫోనులోంచి ఒక ఆడగొంతు ‘మాత్ర వేసుకునే సమయం అయింది’ అంటుంది. నా భార్య ‘అలాగేనమ్మా, నువ్వు తిన్నావా?’ అని అడుగుతుంది. మొదట్లో నవ్వుకున్నాను. కిందటి నెల నేను రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చేసరికి మాత్రలన్నీ డబ్బాలో అలాగే ఉన్నాయి. ఫోనులో చార్జింగు అయిపోయింది. వైరు దూర్చే చోటు ఆమె వేళ్లకు దొరకలేదు. ‘ఆ అమ్మాయి పిలవనేలేదయ్యా, దానికీ ఒంట్లో బాగాలేదేమో’ అంది. ఆ రోజుతో నా నవ్వు అయిపోయింది.

3. నా ఫోనును సంఘానికి ఇస్తున్నాను. షరతు ఒక్కటే: అందులో ఉన్న ఒక సందేశాన్ని చెరపకూడదు. ప్రతి నెలా మొదటి ఆదివారం వేదిక మీద నిలబడి, దాన్ని ఈ ఫోనులోంచే పైకి చదవాలి.

ఆ సందేశం సంగతి రాస్తాను.

మా సంఘంలో ‘తలుపు వరస’ అని ఒకటి ఉండేది. ఒంటరిగా ఉన్నవాళ్ల ఇంటికి రోజుకొకరి వంతు. వెళ్లి తలుపు తట్టి ‘ఉన్నావా?’ అనాలి. లోపలి నుంచి ‘ఉన్నాను’ అన్న మాట చెవులారా వినేదాకా గడప దగ్గర నుంచి కదలకూడదు. ఆ నియమం పెట్టింది నేను. ఎత్తేసిందీ నేనే. నా తమ్ముడు మందిరం కోసం ఒక ప్రార్థన యాప్ తెచ్చాడు. ఎవరికి కష్టం వచ్చినా అందులో రాస్తే, చూసినవాళ్లు కింద జోడించిన చేతుల బొమ్మ నొక్కాలి. ఎన్ని చేతులు పడ్డాయో అంకె కనపడుతుంది. ఆ అంకె పెరుగుతుంటే వందమంది ఒక్కసారి మోకరించినట్టు నాకు ఒళ్లు పులకరించేది. ‘చూసిన వెంటనే చేతులు!’ అని వేదిక మీద గర్జించాను. నిమిషంలోపల నొక్కినవాళ్ల పేర్లు ఆదివారం చదివి చప్పట్లు కొట్టించాను. అలా నా మందకు చదవకముందే నొక్కడం నేర్పించాను. విన్నావా సంఘమా? దొంగ బోధకులు ఎక్కడో ఉంటారనుకున్నావు. నీకు ముప్పై ఒక్క ఏళ్లు ఎదురుగానే ఒకడు నిలబడ్డాడు.

ఒక్కడు ఎదురు చెప్పాడు. వీధి మలుపులో తాళాలు బాగుచేసేవాడు. సభలో లేచి ‘అన్నా, మా ఆవిడ జ్వరంతో పడుకుంటే ఎనభై చేతులు పడ్డాయి. గ్లాసెడు నీళ్లివ్వడానికి ఒక్క చెయ్యి రాలేదు’ అన్నాడు. నేను మైకులో ‘నువ్వొక తుప్పు పట్టిన తాళానివి తమ్ముడూ, ఏ చెవికీ తెరుచుకోవు’ అన్నాను. అంతా నవ్వారు. అతను టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ మందిరం గడప తొక్కలేదు.

పద్నాలుగు నెలల కిందట, మంగళవారం పొద్దున ఏడూ పదికి మా అక్క ఒక సందేశం పంపింది. నా మేనకోడలి తల్లి, నాకు అక్షరాలు దిద్దించిన మనిషి, రెండు వీధుల అవతల ఒంటరిగా ఉండేది. ‘స్నానాల గది ముందు కాలు జారి పడ్డాను. లేవలేకపోతున్నాను. తలుపు తీసే ఉంది. ఎవరైనా రండి.’

నూట పన్నెండు చేతులు పడ్డాయి. పదకొండోది నాది. ఏడూ పన్నెండుకి. ఆమె రోజూ ఎవరో ఒకరి కోసం ప్రార్థించమని రాస్తూనే ఉంటుంది కదా అని, పేరు చూశాను, నొక్కాను, ఫోను బోర్లించి ఆదివారం ప్రసంగం రాసుకున్నాను. అంశం: పొరుగువాడు. గ్రంథంలోని ఆ కథలో, దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి చూసి పక్కకు తప్పుకుని వెళ్లిపోయిన ఆ ఇద్దరు పెద్దమనుషుల్ని ఎన్నిసార్లు వేదిక మీద చీల్చి చెండాడానో! వాళ్లు కనీసం అతణ్ణి కళ్లతో చూశారు. వెళ్లిపోతున్నామని వాళ్లకు తెలుసు. నాకు అది కూడా తెలియదు. బొమ్మ నొక్కగానే వెళ్లొచ్చినట్టే అనిపించింది నాకు.

గురువారం పొద్దున తాళాలవాడు ఆమె తలుపు తట్టాడు. పాత వరసలో గురువారం అతని వంతు. నేను వరస ఎత్తేశాక కూడా, నేను అవమానించి పంపాక కూడా, అతను గురువారాలు మానలేదు. నాకు తెలియదు. అక్కకు తెలుసు. అతను ఆమెను భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే ‘ఇవాళ నీ వంతు కదా, ఎదురుచూస్తున్నా’ అందట. శుక్రవారం ఆసుపత్రిలో పోయింది.

నా మేనకోడలు ఆ వారం పని మీద వేరే ఊళ్లో ఉంది. అంత్యక్రియలయ్యాక నా దగ్గరికొచ్చి, ‘మామయ్యా, అమ్మ రాసినదాని కింద నీ చేతులు చూశాను. నువ్వు వెళ్లే ఉంటావని నిశ్చింతగా ఉన్నాను’ అంది. ఏడవలేదు. అదే ఆఖరు మాట.

ఈ ఫోను విషయంలో ఒక సాంకేతిక వివరం. నలభై ఏళ్ల కాగితమూ జిగురూ నా వేలి గీతల్ని అరగదీశాయి. ఫోను నన్ను గుర్తుపట్టదు. అది నా భార్య బొటనవేలికే తెరుచుకుంటుంది. రహస్యపు అంకెలు ఎవరికీ చెప్పను. కాబట్టి ఆ సందేశం చదవాలంటే ప్రతి నెలా ఎవరో ఒకరు నాలుగు అంతస్తులు ఎక్కి ఆమె తలుపు తట్టక తప్పదు. దీన్ని మోసమంటారా? అనండి. ప్రేమతో రానివాళ్లను అవసరంతోనైనా రప్పించుకోవాల్సిన గతి నాది.

4. తాళాలవాడికి ఏమీ ఇవ్వడం లేదు. కారణం: వీలునామాలో లాభం పొందేవాడు దానికి సాక్షిగా ఉండకూడదని నేను అట్ట వేసిన ఒక చట్టం పుస్తకంలో చదివాను. అతను నాకు సాక్షిగా కావాలి. క్షమాపణ ఆస్తి కిందకు రాదు కాబట్టి, అది ఇవ్వడానికి అడ్డు లేదు. ఇస్తున్నాను. నేను అతణ్ణి ఏ మైకులో అవమానించానో అదే మైకులో, అంతే గొంతుతో, నా తమ్ముడు దీన్ని చదవాలి. ‘తుప్పు పట్టింది నువ్వు కాదు.’

5. వీధి చివర ఉన్న నా బైండింగు గది, అందులోని ఇనుప ప్రెస్సు, కత్తెర బల్ల, సూదులు, దారపు ఉండలు, జిగురు కాచే గిన్నెతో సహా, నా భార్య తలుపు తట్టేవారికి చెందుతుంది. పేరు రాయలేకపోతున్నాను, ఆ మనిషి ఇంకా దొరకలేదు. ఆడైనా మగైనా సరే, మందిరానికి వచ్చినా రాకపోయినా సరే, నమ్మకం ఉన్నా లేకున్నా సరే. షరతులు: బెల్లు నొక్కడం తట్టడం కాదు. ఫోను చేయడం తట్టడం కాదు. వీడియోలో ముఖం చూడడం అసలే కాదు. వేలి కణుపులు చెక్కకు తగలాలి. ‘ఉన్నావా?’ అనాలి. ‘ఉన్నాను’ అని వినాలి. ఆమెకు నడవడం ఆలస్యం, తొందరపెట్టకూడదు. మాత్రల డబ్బాలో ఒకసారి చెయ్యి పెట్టి చూడాలి. ఏడాదిపాటు ఇలా తట్టినట్టు నా భార్య నోటితో చెబితే చాలు, గది వాళ్లది. గురువారం గురించి నేనేమీ రాయను. అది నాది కాదు.

6. నా తమ్ముడికి నా చెప్పులు. నీ కాలికి సరిపోతాయిరా, చిన్నప్పుడు నావే తొడుక్కుని తిరిగేవాడివి. రోజూ పొద్దున నాకు పూలబొమ్మ పంపుతున్నావు, పదహారు నెలలుగా మెట్లెక్కలేదు. కోపంతో రాయడం లేదు. నువ్వు తెచ్చింది ఒక పనిముట్టు. దాన్ని పీఠమెక్కించి మొక్కినవాణ్ణి నేను.

7. మేనకోడలికి: మీ అమ్మ పరిశుద్ధ గ్రంథం. అట్ట చిరిగితే మూడుసార్లు నేనే కుట్టాను. అంచుల్లో ఆమె పెన్సిలు గీతలున్నాయి. నేను ప్రసంగంలో పొరపాటు చెప్పిన చోటల్లా చిన్న సున్నా చుట్టింది. నాకెప్పుడూ చెప్పలేదు. ఆమె పోయాక తెరిచి చూశాను, సున్నాలు చాలా ఉన్నాయి. క్షమించమని అడగను తల్లీ. అది కూడా నీ మీద ఒక బరువు వేయడమే. మీ అత్తయ్య ఒక్కతే ఉంటుంది, అంతే.

8. నా ప్రసంగాలు నాలుగు సంపుటాలు, గుడ్డ అట్ట, బంగారు అక్షరాలు. మొదటిది, మూడోది, నాలుగోది చిత్తు కాగితాల కింద అమ్మేయవచ్చు. రెండోది వాడుకలో ఉంది. ఎక్కడో కింద రాస్తున్నాను.

ఇక సాక్షుల సంగతి. వీలునామా చెల్లాలంటే ఇద్దరు మనుషులు, ఒంటితో, నా ఎదుట ఉండాలి. ఈ ఒక్క పని చట్టం ఇంకా ఫోనుకు అప్పగించలేదు. ఇవాళ పొద్దున తొమ్మిదింటికి యాప్‌లో రాశాను: ‘వీలునామా రాస్తున్నాను. ఇద్దరు సాక్షులు కావాలి. తలుపు తీసే ఉంది. ఎవరైనా రండి.’ మధ్యాహ్నానికి ఎనభై ఏడు చేతులు పడ్డాయి. తమ్ముడు ‘ఆమేన్ అన్నయ్యా’ అని కూడా రాశాడు.

ప్రభువు తలుపు దగ్గర నిలబడి తట్టేవాడని బోధించాను నేను! ఇన్నేళ్లూ! ఇప్పుడు తట్టే చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

రెండున్నరకు తలుపు చప్పుడైంది. లేవబోయి కుర్చీ పడేశాను. మందులు తెచ్చినవాడు. నాలుగంకెలు చెప్పమన్నాడు. సంతకం పెడితేనే చెబుతానన్నాను. సిగ్గులేకుండా బేరమాడాను. అతని ఫోను ఆలస్యం, ఆలస్యం అని అరుస్తూనే ఉంది. నా కళ్ల ముందే సంతకం పెట్టి, ‘ఇంతకీ మీకెవరూ లేరా సార్?’ అన్నాడు. నూట పన్నెండు మంది ఉన్నారన్నాను. సాక్షికి ఏమీ ఇవ్వకూడదు కాబట్టి మంచినీళ్లు మాత్రం ఇచ్చాను.

అతను వెళ్తుంటే రెండు పనులు చేయమని బతిమాలాను. ఒకటి, మలుపులో తాళాలవాడికి నేను రమ్మన్నానని చెప్పడం. ‘దారిలో తగిలితే చెప్తాను’ అన్నాడు. రెండోది, తాళాలవాడి దగ్గర గేటు తెరిచే ఫోను లేదు కాబట్టి, కింద గేటు మూసుకోకుండా నా ప్రసంగాల రెండో సంపుటం అడ్డం పెట్టడం. అది చేశాడు. అప్పటి నుంచి గేటు కూత పెడుతూనే ఉంది. అపార్టుమెంటు కార్యదర్శి ‘ఎవరో గేటుకు పుస్తకం పెట్టారు, వెంటనే తీసేయాలి’ అని అందరికీ సందేశం పంపాడు. దాని కింద పాతిక మంది కోపపు ముఖాల బొమ్మలు నొక్కారు. తీయడానికి మాత్రం ఇంతవరకూ ఎవరూ దిగలేదు. నా జీవితంలో ఈ నొక్కుడు జబ్బు నాకు మేలు చేసింది ఈ ఒక్కసారే.

నా భార్య పక్కగదిలోంచి ‘ఎవరొచ్చారయ్యా?’ అని ఇప్పటికి నాలుగుసార్లు అడిగింది. వస్తున్నారని చెప్పాను.

పైన ఏడో అంశం దాకా రాసినదంతా నేను చదువుకుని, సరేననుకుని, రెండున్నరకు మొదటి సాక్షి ఎదుట సంతకం చేశాను. రెండో సాక్షి వస్తే మళ్లీ అతని ఎదుట చేస్తాను.

తేదీ: పదకొండో నెల, నాలుగో తేదీ, బుధవారం. సాయంత్రం నాలుగున్నర.

సంతకం: బైండరు, ‘ఉరుము’

మొదటి సాక్షి: మందులు తెచ్చినవాడు

రెండో సాక్షి: (తాళాలవాడి కోసం ఖాళీగా ఉంచాను. ఇవాళ రాకపోతే రేపు గురువారం. కింద గేటు ఇంకా మూసుకోలేదు. పైన తలుపు తీసే ఉంది.)