రిసార్టు మెట్లలో పాత ఇటుకలు

ఆదివారం, కైకలూరు

కొల్లేటి ఒడ్డున కొత్తగా కట్టిన రిసార్టు వాళ్లు గోడ మీద రాయించడానికి ఈ ప్రాంతపు పాత చరిత్ర కావాలన్నారు. బడిలో సోషల్ చెప్పేవాణ్ణి కదా, మురిసిపోతూ వెళ్లాను. పడవ ఎక్కే మెట్ల దగ్గర ఆగిపోయాను. అన్నీ మూరెడు పొడవున్న ప్రాచీన కాలపు ఇటుకలు.

"ఇవెక్కడివండీ?" అన్నాను.

"స్విమ్మింగ్ పూల్ తవ్వుతుంటే వచ్చాయండి మాస్టారూ. గట్టిగా ఉన్నాయని వాడేశామండి," అన్నాడు మేనేజరు.

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే పని ఆపేస్తారు కదండీ."

తిట్టబోతుంటే మా చేపల చెరువు గుర్తొచ్చింది. అది తవ్వించినప్పుడూ ఇలాంటివే బయటపడ్డాయి. ఆ పూటే గట్టులో వేసి పూడ్పించింది నేనే.

అడిగిన చరిత్ర అక్కడే కూర్చుని రాసిచ్చాను. దాన్ని కాపాడుకోవడం మనందరి బాధ్యత అని చివర్లో చేర్చాను.