పదకొండు సెకండ్ల నవ్వుకు సంజాయిషీ

కార్మిక శాఖ అధికారి గారి సముఖమునకు,

మాత్రల ఫ్యాక్టరీ ప్యాకింగు సెక్షనులో, నీళ్ల పరీక్ష బల్ల దగ్గర పందొమ్మిదేళ్లు పనిచేసి, తొమ్మిది రోజులుగా ఇంట్లో కూర్చున్న కార్మికురాలు విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: విధి నిర్వహణలో ఉండగా పై అధికారి ముఖం చూసి పదకొండు సెకండ్లు నవ్వితినను అభియోగంపై నన్ను సస్పెండు చేయుట – సదరు నవ్వు నా ప్రమేయం లేకుండా వచ్చినదగుట – ఈలోగా చెడ్డ మాత్రలు బయటికి పోవు ప్రమాదము – గురించి.

1. తమరు మా బల్ల చూసి ఉండరు కనుక ముందుగా నా పని మనవి చేస్తాను. మాత్రల షీటు మీద ఒక్కో మాత్ర కూర్చునే బుడిపె ఉంటుంది కదా, దాన్ని మా సెక్షనులో బొబ్బ అంటాం. ప్లాస్టిక్ రేకును వేడిచేసి బొబ్బలు పొంగించేదీ, వాటిలో మాత్రలు రాలాక వెనక వెండిరేకు అతికించేదీ ఒకటే యంత్రం. అతుకు సరిగ్గా పడకపోతే సూదిమొనంత సందు మిగులుతుంది. మన కంటికి అది ఆనదు. గాలిలో తేమకు ఆనుతుంది. తేమ దూరిన మాత్ర వేసుకున్నవాడికి మందు వేసుకున్నానన్న ధైర్యమే తప్ప మందు దక్కదు.

గంటకోసారి నాలుగు షీట్లు తీసి, నీలిరంగు కలిపిన నీళ్ల జాడీలో ముంచి, మూత బిగించి, పంపుతో గాలి లాగడం నా పని. గాలి మళ్లీ వదలగానే చిల్లున్న బొబ్బలోకి నీలినీళ్లు దూరతాయి. అప్పుడు షీటు తుడిచి బొబ్బ బొబ్బా చించి చూస్తాను. ఎక్కడైనా నీలం కనబడిందా, ఆ సరుకు ఆపాల్సిందే. తొడుగులు వేసుకున్నా ఆ రంగు నా వేళ్లకు పట్టేసింది. అందుకే అందరూ నన్ను నీలక్క అంటారు.

2. ఆ రోజు ఉదయం నాలుగు షీట్లలో కలిపి నలభై బొబ్బలకు ఏడు నీలం తిరిగాయి. రిజిస్టరులో "రద్దు" అని రాసి మేనేజరు గారికి చెప్పాను.

"సార్, అతికించే రోలరు వేడెక్కడం లేదు. నలభైలో ఏడు పోయాయి."

"ముప్పై మూడు బాగున్నాయని చెప్పొచ్చుగా? ఎప్పుడూ చెడే చూస్తావేం నువ్వు?"

"నన్ను పెట్టుకుంది చెడు చూడ్డానికే కదండీ."

"ఇవాళ సరుకు కొనేవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. ఆ పేజీ చింపేసి కొత్తది రాయి."

పేజీలకు నంబర్లున్నాయి, చింపితే పళ్లూడిన నోరులా తెలిసిపోతుందన్నాను. అంతే, ఆయన పెట్టిన బొబ్బలు యంత్రం హోరు మీద కూడా వినబడ్డాయి. నేను మాత్రం పేజీ చింపలేదు.

3. మధ్యాహ్నం ముగ్గురు వచ్చారు. అప్పటికి నేను ఇంకో నాలుగు షీట్లు ముంచి, తుడిచి, ఇంకా చించకుండా ట్రేలో పెట్టి ఉంచాను. వాళ్లలో కళ్లజోడు ఆవిడ, ఇవి విడిగా ఎందుకున్నాయని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మేనేజరు గారు అందుకున్నారు.

"పరీక్ష అయిపోయినవండీ. ఫస్టు క్లాసు సరుకు. నాకూ బీపీ ఉంది, రోజూ నేను వేసుకునే మాత్రే ఇది."

అది నిజమే, ఆయన వేసుకునేది అదే మాత్ర. ట్రేలోంచి ఒక షీటు తీశారు.

"సార్, అది వద్దండీ," అన్నాను.

"నువ్వాగమ్మా! మా సరుకు మీద నాకెంత నమ్మకమో వాళ్లను చూడనీ."

ఈ మాత్రకు వెలుతురు పడదు కనుక మా ప్లాస్టిక్ రేకు ముదురు గోధుమరంగులో ఉంటుంది. లోపల ఏ రంగుందో బయటికి తెలియదు. ఆయన బొబ్బను బొటనవేలితో నొక్కి మాత్రను తిన్నగా నోట్లోకే పంపి, నమ్మకం ఇంకాస్త గట్టిగా కనబడాలని కాబోలు, పటపటా నమిలారు.

4. తర్వాత వాళ్ల వైపు తిరిగి నిండుగా నవ్వారు. పళ్లు నీలం. చిగుళ్లు నీలం. నోట్లో సిరాబుడ్డి పగిలినట్టు పెదవుల సందులోంచి ఒక చార గడ్డం మీదికి దిగింది.

"చూశారా, ఏమైనా ఉందా?" అన్నారు.

కళ్లజోడు ఆవిడ చాలా మర్యాదగా, "ఉందండీ," అన్నారు.

అయ్యా, నేను నవ్వు ఆపుకోవడానికి చేసిన ప్రయత్నాలు విచారణలో ఎవరూ అడగలేదు కనుక తమకు మనవి చేసుకుంటున్నాను. పెదవి కొరుక్కున్నాను. కాలి బొటనవేలిని రెండో కాలితో తొక్కుకున్నాను. పోయిన మా నాన్నను తలచుకున్నాను; ఆయన కూడా నవ్వుతూనే కనబడ్డాడు. అయినా తట్టుకునేదాన్నే. కానీ మేనేజరు గారు అందరి ముఖాలూ చూసి, "ఏమైంది మీకు?" అంటూ నాలుక బయటపెట్టి పెదవులు తడుపుకున్నారు. నా ముఖానికున్న మాస్కు ఒక్కసారిగా బూరెలా పొంగింది. ఆ తర్వాత జరిగింది కెమెరాలో ఉంది.

ఆ రంగు రెండు రోజులు వదల్లేదట. మర్నాడు ఉదయం ఆయన మరో చోట మరో రంగు చూసి బెదిరి డాక్టరు దగ్గరికి పరుగెత్తారట. ఆ సంగతి అర్జీలో రాయదగినది కాదు.

5. విచారణ జరిపినది సిబ్బంది వ్యవహారాల అధికారి. ఆయన యంత్రాల వైపు ఎన్నడూ రాలేదు.

"ఆ రోజు సెక్షనులో బొబ్బలు పెట్టింది ఎవరు?" అని అడిగారు.

"యంత్రమండీ."

"వెటకారమా? మనుషుల్లో ఎవరు పెట్టారని అడుగుతున్నా."

"మనుషుల్లోనా? మేనేజరు గారండీ. కానీ ఆయన పెట్టినవాటికి నీళ్ల పరీక్ష చెయ్యలేదు."

ఇది రెండో అభియోగంగా నమోదైంది. చివరికి ఆయన, "నవ్వు నాలుగు విధాల చేటు అని పెద్దలు ఊరికే అన్నారా?" అన్నారు. నాకు ఒక విధం ముట్టింది. మిగిలిన మూడూ ఏయే తేదీల్లో వస్తాయో తెలిపితే సిద్ధంగా ఉంటానన్నాను. ఇది మూడో అభియోగం.

6. ఇల్లు: నాతో ఉండేది మా అత్తగారు. మా ఆయన పోయాక ఆవిడకు నేను, నాకు ఆవిడ. సస్పెండయ్యానని చెప్తే ఆవిడకు బీపీ పెరుగుతుందని సెలవు పెట్టానని అబద్ధమాడాను. తొమ్మిది రోజులుగా ఆవిడ, "ఇన్ని సెలవులు ఎక్కడ దాచావే?" అని అడుగుతూనే ఉన్నారు. ఆవిడ వేసుకునేది కూడా మా మాత్రే. పందొమ్మిదేళ్లుగా నేను ప్రతి షీటూ నీళ్లలో ముంచింది ఎవరో ముక్కూ ముఖం తెలియని రోగి కోసం కాదండీ. ఎదురుగా కూర్చుని "నీళ్లివ్వవే" అని అడిగే మనిషి కోసం.

7. అసలు మనవి: నేను రద్దు రాసిన సరుకు ముప్పై వేల షీట్లు గోడౌనులోనే ఉన్నాయి. రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేశారు. నా బల్ల ఖాళీగా ఉంది. సంతకం ఒక్కటి పడితే సరుకు లారీ ఎక్కుతుంది. నన్ను తీసుకున్నా తీసుకోకపోయినా ముందు ఆ సరుకు ఆపించండి. ఈ వాక్యం అర్జీ భాషలో ఎలా రాయాలో నాకు తెలియలేదు. ఆపించండి సార్. దండం పెడతాను.

పై సంగతులన్నీ చిత్తగించి, నవ్వును నవ్వుగాను, చిల్లును చిల్లుగాను చూడవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
నీలక్క

తా.క.: ఇది కవరులో పెట్టబోతుండగా మేనేజరు గారు మా ఇంటికి వచ్చారు. చేతిలో చిన్న సంచీ. తలుపు తీసింది మా అత్తగారు.

"నీలక్క ఉందా అండీ?"

"ఉంది బాబూ, సెలవులో ఉంది."

"సెలవేంటండీ? సస్పెన్షను కదా!"

అత్తగారు నా వైపు ఒక చూపు చూసి, "ఎందుకు?" అని ఆయన్నే అడిగారు.

"నవ్విందండీ."

"ఇదా? దీన్ని నవ్వించడం ఇన్నేళ్లలో మా వల్ల కాలేదే! నువ్వేం చేశావు నాయనా?"

ఆయన సంచీలోంచి నాలుగు మాత్రల షీట్లు తీసి బల్ల మీద పరిచారు. మూడు రోజులుగా మాత్ర వేసుకోలేదట. బొబ్బ నొక్కబోతే వేలు ఆడటం లేదట.

"ఇందులో ఏది మంచిదో నువ్వు చెప్తే వేసుకుంటాను, నీలక్కా," అన్నారు.

"జాడీ లేదు, పంపు లేదు. కంటితో చూసి చెప్పగలిగితే నా ఉద్యోగం దేనికి సార్? మీరు నన్ను అడగడానికి మా ఇంటికొచ్చారు. గోడౌనులో ఉన్న షీట్లు కొనుక్కునేవాళ్లు ఎవరింటికి వెళ్లాలి?"

ఆయన ఆ నాలుగు షీట్లూ తిరిగి సంచీలో పెట్టుకున్నారు. మా అత్తగారు తన షీటు తెచ్చారు. దాని మీది నంబరు చూశాను. అది నేను పరీక్షించి పంపిన సరుకే. ఆవిడ అందులోంచి ఒకటి ఆయన చేతిలో పెట్టి, గ్లాసుడు నీళ్లిచ్చి, "ముందు వేసుకో, తర్వాత ఆలోచిద్దువు గాని," అన్నారు. వేసుకున్నారు. నమలలేదు.

ఆ తర్వాత జేబులోంచి పెన్ను తీసి కాగితం అడిగారు. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ చిత్తు రాసి పాడుచేశాను. మిగిలింది ఈ అర్జీ ఒక్కటే. దాన్నే తిరగేసి ఇచ్చాను. "సదరు సరుకు రద్దు. ధ్వంసం చేయవలెను. రోలరు బాగుచేసేవరకు యంత్రం ఆపవలెను. ఈమె రేపటి నుండి విధులలో చేరవలెను" అని రాసి సంతకం పెట్టారు. తేదీ మరిచిపోతే మా అత్తగారు అడిగి వేయించారు.

కావున అయ్యా, ముందువైపు రాసినదంతా తమరు కొట్టివేసినా నాకు అభ్యంతరం లేదు. వెనకవైపు మాత్రం తమ కార్యాలయంలో భద్రపరచి, ముద్ర వేసిన నకళ్లు రెండు ఇప్పించండి. ఒకటి నాకు. రెండోది మా అత్తగారు గోడకు పెట్టుకుంటారట.