పది లక్షల తొమ్మిది

నవంబరు 4, సోమవారం
యూనివర్సిటీ నుంచి ఉత్తరం. మ్యాథ్స్ పీహెచ్‌డీకి సెలెక్ట్ అయ్యాను! 21న ఒరిజినల్ సర్టిఫికెట్లతో రమ్మన్నారు.
నా ఒరిజినల్స్ ఈ కాలేజీ బీరువాలో ఉన్నాయి. మూడేళ్ల కిందట, లెక్చరర్‌గా చేరిన రోజే తీసుకున్నారు. ప్రిన్సిపాల్ రంగనాథ్ గారిని అడిగాను. నువ్వు పోతే పిల్లోళ్ల గతేమి, పరీక్షలు కానీలేమ్మా అన్నారు. పరీక్షలు మార్చిలో.

నవంబరు 6
నేనుండేదీ గర్ల్స్ హాస్టల్లోనే. గదిలోంచి కనిపించేది మెస్ వెనక గోడ.
ఈ రోజు క్లాసులో అంజలి లేచింది. ఆలూరు పిల్ల, ఎప్పుడూ నోరెత్తదు. 1000009 ప్రైమ్ నంబరా మేడం అంది. ఏడుతో, పదకొండుతో, పదమూడుతో భాగించి చూశాను. పోలేదు. బెల్ కొట్టారు. ప్రైమే అన్నాను.

నవంబరు 7
అంత తొందరగా ఎందుకు చెప్పాను?

నవంబరు 11
ఆ పిల్ల నన్ను నమ్మలేదు. వెయ్యి లోపు ప్రైమ్‌లు నూట అరవై ఎనిమిది. వరసగా ఒక్కొక్కదానితో భాగిస్తూ పోయింది. అరవై రెండోది 293. శేషం రాలే మేడం, 3413 సార్లు పోయినాది అంటూ నోట్‌బుక్ చూపించింది. సిగ్గుపడ్డాను. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

నవంబరు 13
అన్నిసార్లు భాగించకుండానే తేల్చే దారి రెండు రోజులు వెతికితే దొరికింది. ఆ సంఖ్య 1000 వర్గం, 3 వర్గం కలిపితే వస్తుంది. 972 వర్గం, 235 వర్గం కలిపినా వస్తుంది. రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగితే అది ప్రైమ్ కాదు. అంజలికి ఎందుకో వివరించాను. స్టడీ అవర్ మొత్తం పోయింది. ఎన్నేళ్లకో పాఠం చెప్పినట్టనిపించింది.

నవంబరు 15
వార్డెన్ జ్ఞానమణి గారు అంజలి నోట్‌బుక్ పట్టుకున్నారు. వీక్లీ టెస్టులో అంజలి ర్యాంకు తొమ్మిది నుంచి నలభై ఒకటికి పడింది. ఆలూరు నుంచి వాళ్ల నాన్న సుంకప్పను పిలిపించారు. టీసీ ఇచ్చేస్తామన్నారు. లెక్కలే గదా సార్ చేసినాది, తప్పేముండాది అన్నాడాయన. క్లాసుందని నేను బయటికొచ్చేశాను.

నవంబరు 18
ప్రిన్సిపాల్ నా సర్టిఫికెట్ల ఫైలు టేబుల్ మీద పెట్టారు. పక్కనే టైపు చేసిన కాగితం. నేను సిలబసే చెప్పాననీ, ఆ పిల్లే సొంతంగా టైం వేస్ట్ చేసుకుందనీ. సంతకం పెట్టి ఫైలు తీసుకుపో అన్నారు. డిగ్రీ అంచు కనిపిస్తోంది. పెన్ను తీశాను కూడా. రేపు చెప్తానన్నాను.

నవంబరు 19
నా చేత్తో వేరే కాగితం రాసిచ్చాను. సిలబస్‌లో లేనిది చెప్పింది నేనే. మొదట తప్పు చెప్పిందీ నేనే.
ఫైలు మళ్లీ బీరువాలోకి పోయింది. అంజలికి టీసీ ఇవ్వలేదు, వేరే సెక్షన్‌కు మార్చారు. నాతో మాట్లాడకూడదట.

నవంబరు 20
అన్నం తినలేదు.

నవంబరు 21
ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. యూనివర్సిటీకి జిరాక్సులతోనే వచ్చాను. ఒరిజినల్స్ యాడుండాయమ్మా అని క్లర్క్ అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రాసిస్తే నెల టైమిస్తామన్నాడు. రాస్తుంటే వంగి నా కాళ్ల వైపు చూశాడు.
బాత్రూం చెప్పులు, హాస్టల్ నుంచి వాటితోనే వచ్చేశాను.