సత్యం ఏడాదిగా తాగడం లేదు

తమ్ముడూ సూరీ,

తాగుడు నిన్ను తీసుకుపోయి ఇవాళ్టికి నాలుగేళ్లు. నీతో మండపేట మిల్లులో బస్తాలు మోసిన సత్యం మాత్రం ఏడాదిగా తాగడం లేదు. రోజూ బిళ్ల వేసుకుంటాడు, పదిహేను రోజులకోసారి రాజమండ్రి ఆస్పత్రిలో కౌన్సెలింగ్‌కి వెళ్తాడు. బిళ్ల వల్ల తాగాలన్న యావ తగ్గిందట. అసలు తాగుడు మీదికి మనసెందుకు పోతోందో అక్కడ మాట్లాడుకుంటారట. రెండూ ఉంటేనే నిలబడ్డానంటాడు.

ఇవాళ టీకొట్టు దగ్గర మేస్త్రీ వాణ్ణి ఎగతాళి చేశాడు.

"బిళ్లలు మింగి మానడం కూడా ఒక మానడమేంట్రా? మగాడన్నాక పట్టుదల ఉండొద్దూ?"

"మీ షుగరు బిళ్లలు అవతల పారేసి, పట్టుదలతో తగ్గించుకోండి మేస్త్రీగారూ, చూద్దాం," అన్నాడు సత్యం.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. జబ్బుమనిషికి వైద్యం చేయించకుండా నీతులు చెప్పే పెద్దమనుషుల్ని అక్కడే కడిగేశాను. వీధికో బ్రాందీ షాపు పెట్టించిన ప్రభుత్వాన్నీ వదల్లేదు. నా సంగతి నీకు తెలుసుగా.

అంతా విని సత్యం మెల్లగా అడిగాడు.

"మరి మన సూరికి ఈ బిళ్లలు రాయలేదాండి, అన్నయ్యగారూ?"

రాశారని చెప్పాను. ఆ చీటీ నీ చేతిలోంచి లాక్కుని చింపేసింది నేనేనని, ఇవాళ మేస్త్రీ అన్న మాటలే ఆ రోజు నేనూ అన్నానని చెప్పాను.

నువ్వు "అలాగే అన్నయ్యా" అన్నావు. మన ఇంట్లో నాతో వాదించి నెగ్గినవాళ్లు ఎవరున్నార్రా?