మార్తమ్మ భోజనానికి వస్తానంది

9 అక్టోబరు 1983, ఆదివారం

ఈ సంగతి ఈ రోజే రాసిపెట్టడం అవసరం. వచ్చే ఆదివారానికి మా తెలుగు క్రైస్తవ సంఘంలో దీనికి వేరే రూపం వచ్చేస్తుంది. అప్పుడు నేను చూసినదేదో, విన్నదేదో నాకే తెలియకుండా పోతుంది. ఆసుపత్రి ల్యాబులో కణజాలం చూసి నివేదిక రాసే పద్ధతే ఇక్కడా. చూసినది ముందు, అభిప్రాయం తర్వాత.

చూసినది: మమ్మల్ని చూడడానికి నరసాపురం నుంచి ఈ దేశం వచ్చిన అత్తయ్యగారిని నిన్న పాతకాలపు వ్యవసాయ మ్యూజియంకి తీసుకువెళ్ళాము. నూరేళ్ళ కిందటి పొలం, ఇల్లు, పశువులు, అన్నీ ఇంకా నడుస్తున్నట్టే ఉంచారు. మేపుల్ చెట్లు నిప్పు అంటుకున్నట్టు ఎర్రగా ఉన్నాయి. దొడ్లో ఒక గుర్రం కుంటుతూ తిరుగుతోంది. అక్కడ పనిచేసేవాళ్ళు ఆనాటి బట్టలు వేసుకొని ఆనాటి మనుషులుగానే మాట్లాడతారు. 1880 తర్వాతి సంగతి ఏదడిగినా తెలియదంటారు. అది వాళ్ళ ఉద్యోగ నియమం.

వంటింట్లో ఒకావిడ — తెల్లటి కుచ్చుల టోపీ, నేలను తాకే గళ్ళ గౌను, మోచేతుల దాకా పిండి. పేరు మార్త అంది. భర్త జేకబ్ పిండిమరకు వెళ్ళాడు, గుర్రం కుంటుతోంది, మొక్కజొన్న ఇంకా పొలంలోనే ఉంది, చలి ముంచుకొస్తోంది... ఒక్కొక్క వాక్యమే తెలుగు చేసి చెప్పాను. ప్రతి వాక్యం చివరా "అని నటిస్తోంది" అని చేర్చి ఉండవలసింది. చేర్చలేదు.

మార్త అనే పేరు వినగానే అత్తయ్యగారి ముఖం మారింది. సువార్తలోని మార్తను ఆవిడ చిన్ననాటి నుంచి ఎరుగుదురు. ఇంటినిండా అతిథులు, పని మాత్రం ఆమె ఒక్కదానిదే. "పాపం, ఇక్కడా ఒక్కతే చేసుకుంటోంది" అని బల్ల ముందు కూర్చొని ఆపిల్ పళ్ళకు చెక్కు తీయడం మొదలుపెట్టారు. వచ్చేపోయేవాళ్ళు ఆవిడ కూడా ప్రదర్శనలో భాగమే అనుకున్నారు. ఒక స్కూలు టీచరు పిల్లలను దగ్గరికి పిలిచి ఆ నేతచీరను శ్రద్ధగా గమనించమంది. ఈమె ఎవరని ఒకాయన నన్ను అడిగాడు. నేను ఆవిడ కోడలినని చెప్పాను. ఆయన నన్ను కూడా ఫోటో తీశాడు.

సందర్శకులకు తిండి పెట్టకూడదని గుమ్మం పక్కన బోర్డు ఉంది. అయినా మార్త, ఏప్రాన్ చాటున, ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన 'పై' అనే రొట్టె ముక్క ఒకటి తెచ్చి అత్తయ్యగారి చేతిలో పెట్టింది. అడుగు మాడింది. అత్తయ్యగారు మాడింది కూడా వదలకుండా తిని చెయ్యి కడుక్కున్నారు.

"అమ్మాయ్, మనింటికి భోజనానికి రమ్మన్నానని చెప్పు. ఆయన్ని కూడా తీసుకురమ్మను."

చెప్పాను. మార్త చేతులు తుడుచుకొని, నా వైపు కాక ఆవిడ వైపే చూస్తూ, మొక్కజొన్న ఇల్లు చేరాక తప్పకుండా వస్తామంది.

ఇక ఈ రోజు. ఆరాధనలో పాస్టరుగారు ప్రార్థన మనవులు అడిగారు. అత్తయ్యగారు లేచి నిలబడ్డారు. సహోదరి మార్త ఇంట పంట ఇంకా పొలంలోనే ఉందని, జేకబ్‌ని యాకోబుగారిని చేసి ఆయన గుర్రం కుంటుతోందని, వాళ్ళకు కరెంటు కూడా లేదని చెప్పారు. పాస్టరుగారు కన్నీళ్ళతో ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

అభిప్రాయం: ఇది నా చేయి దాటింది.

10 అక్టోబరు, సోమవారం

గరాజు నిండా సంఘంవాళ్ళు తెచ్చిన చలికోట్లు. మార్త కుటుంబానికట. ఇంకా వస్తాయట.

12 అక్టోబరు, బుధవారం

భోజనాల దగ్గర ఈయన నవ్వు ఆపుకోలేకపోయారు. "అదంతా యాక్టింగమ్మా. ఆవిడకి జీతం ఇస్తారు. సాయంత్రమైతే కార్ డ్రైవ్ చేసుకుంటూ ఇంటికి పోద్ది."

"యాక్టింగైతే పై ఎందుకు మాడిందిరా?"

ఫ్యాక్టరీలో ఇంజన్ లోపాలు వెతికి పట్టుకునే మనిషి. పెరుగు గిన్నె తనవైపు లాక్కున్నారు.

మా అమ్మాయి లిల్లీ కల్పించుకుంది. "నానమ్మ, ఆమె ప్రిటెండ్ చేస్తుంది."

"నువ్వు ముందు అన్నం తిను."

నవంబరు మొదట్లో అత్తయ్యగారి తిరుగు ప్రయాణం. తనకు పెట్టిన చేతికి తిరిగి పెట్టకుండా ఆవిడ విమానం ఎక్కరు. ఆవిడ వండుకొని కూర్చొని, ఎవరూ రాక, నవ్వులపాలై నరసాపురం వెళ్ళకూడదు. నాకు కావలసింది అంతే. కనుక నిజం నేనే చెప్పాలి. రోజూ మనుషులకు చేరవలసిన చెడ్డ కబుర్లు రాసేదాన్ని... ఈ చిన్న మాట నోట రావడం లేదు.

15 అక్టోబరు, శనివారం

మళ్ళీ మ్యూజియం. అత్తయ్యగారు కోట్లు ఇవ్వడానికి, నేను మార్త అసలు పేరు కనుక్కోవడానికి.

గుమ్మంలో మ్యూజియం పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. గడ్డి టోపీ, పట్టీల ప్యాంటు. ఆ టోపీ కింద కళ్ళు మాత్రం నేటి కాలపువే. పనివాళ్ళు నియమం తప్పుతారేమోనని చూస్తున్నాడు.

అత్తయ్యగారు సంచిలోంచి పైనున్న కోటు తీసి చేతికిచ్చారు. నారింజ రంగు నైలాన్. ముందు భాగాన పొడవాటి జిప్పు. మార్త పెద్దమనిషి వైపు చూసింది, కోటు వైపు చూసింది. జిప్పు పైకి లాగింది, కిందికి లాగింది, మళ్ళీ పైకి. ఇలాంటి గుండీ తమ జిల్లాలో ఇంకా రాలేదని, జేకబ్‌కి చూపిస్తానని చెప్పి పిండి పీపా వెనక దాచేసింది. అంత నిలకడ నాకు ఉండి ఉంటే శస్త్రచికిత్స వైపు వెళ్ళేదాన్ని.

మీ అసలు పేరు చెప్పండి, ఇది మా అత్తగారికి ముఖ్యం అని తగ్గు గొంతుతో అడిగాను. పోయిన వారం ఏ పేరో ఈ వారమూ అదేనంది. ఫోన్ నంబరు రాసిన కాగితం ఇచ్చాను. చాలా పొడవైన లెక్క అంటూ, పెద్దమనిషి చూస్తుండగానే పొయ్యిలో వేసింది. 1880లో కాగితానికి అదే సరైన ఉపయోగం. తప్పు పట్టలేను.

మిగిలింది దారి చెప్పడం. పన్నెండో మైలు రోడ్డన్నాను. ఆ పేరు ఏ శతాబ్దానికైనా సరిపోతుంది. వాగు దాటాక ఎడమచేతి వీధి, గుమ్మం ముందు గుమ్మడికాయలు, వచ్చే శనివారం పొద్దుగూకే వేళ. మార్త పిండి పిసుకుతూనే ఉంది. బండి మీద చాలా దూరమే, మొక్కజొన్నను బట్టి చూడాలంది.

వచ్చేటప్పుడు దొడ్లో గుర్రాన్ని చూశాము. మామూలుగానే నడుస్తోంది.

16 అక్టోబరు, ఆదివారం

గుర్రానికి నయమైందని అత్తయ్యగారు సాక్ష్యం చెప్పారు. సంఘమంతా స్తోత్రం చెప్పింది. మార్తను చూడాలని ఉందని ముగ్గురు ఆంటీలు అడిగారు. శనివారం వద్దని బతిమాలుకున్నాను.

18 అక్టోబరు, మంగళవారం

వాన. అత్తయ్యగారు కిటికీ దగ్గర. "మొక్కజొన్న తడిసిపోద్దేమో."

21 అక్టోబరు, శుక్రవారం

చేపల పులుసు మర్నాటికే బాగుంటుందని ఈ రోజే పెట్టారు. వంటింట్లో మేమిద్దరమే. ఇక వాయిదా వేయలేను.

"అత్తయ్యా... ఆవిడ పేరు మార్త కాకపోవచ్చు."

గరిటె ఆగలేదు. "తెలుసమ్మా. గౌను కింద జోళ్ళు చూశాను. మన లిల్లీకి కొన్నారే, ఆ రబ్బరు జోళ్ళు."

నూరేళ్ళ కిందటి ఇంట్లో నేను స్టవ్వు, దీపం, పీపా అన్నీ పరీక్షగా చూశాను. జోళ్ళు చూడలేదు.

"మరి చర్చిలో ఆ ప్రార్థన?"

"గుర్రం కుంటడం నిజమే కదమ్మా. మొదటిసారి నువ్వూ చూశావు."

చూశాను. కాదనలేను.

"ఎవరూ రాకపోతే మీరు బాధపడతారని..."

"నేను పిలిచింది ఆ టోపీనీ గౌనునీ కాదు. నా చేతిలో పెట్టినావిడని పిలిచాను. వస్తానన్నదీ ఆవిడే. ఉద్యోగానికి చెప్పే మాటలన్నీ నీకేసి చూసి చెప్పింది. ఆ ఒక్కటే నాకేసి చూసి చెప్పింది. ఉప్పు సరిపోయిందేమో చూడు."

సరిపోయింది.

9వ తేదీ అభిప్రాయాన్ని ఉపసంహరించుకుంటున్నాను. కొత్త అభిప్రాయానికి నమూనా చాలదు.

22 అక్టోబరు, శనివారం

వాన వెలిసింది. పులుసు, కోడి పలావు, బూరెలు. బల్ల మీద అత్తయ్యగారు జేకబ్‌కి కూడా కంచం పెట్టారు. ఆయన ఇప్పటికీ పిండిమర నుంచి రాలేదు కదా అన్నాను. "వస్తే ఏం పెడతావు?" అన్నారు. ఈయన ఈ సాయంత్రం నవ్వలేదు. వెళ్ళి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. ఇక్కడి పండగకని తొలిచిపెట్టిన గుమ్మడికాయల్లో లిల్లీ దీపాలు పెట్టింది.

మ్యూజియం మూసే వేళ దాటింది. పన్నెండో మైలు రోడ్డు మీద కార్లు పోతూనే ఉన్నాయి. అత్తయ్యగారు వాకిట్లో కుర్చీ వేసుకొని, శాలువా కప్పుకొని...

ఇప్పుడే ఒక కారు మా వీధిలోకి తిరిగింది. చాలా నెమ్మదిగా, ఇళ్ళు చూసుకుంటూ. మా గుమ్మడికాయల దగ్గర ఇంకా నెమ్మదించింది. ఆగలేదు. లోపల ఎవరున్నారో కనబడలేదు. అత్తయ్యగారు లేచి నిలబడ్డారు.

మా వీధికి ఆ చివర దారి లేదు. వెళ్ళిన కారు మా ఇంటి ముందు నుంచే వెనక్కి రావాలి. తెలిసినది ఇంతవరకే. అందులో ఉన్నది ఆవిడో కాదో తెలియదు. ఆవిడే అయితే, తలుపు తీసి ఏ పేరుతో పిలవాలో అది కూడా తెలియదు.