ఐలీన్ గారి కోసం ప్రార్థన

మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్,
8 ఫిబ్రవరి 2004, ఆదివారం.

ప్రియమైన నాన్నకు,

అమ్మవీ నావీ వందనాలు. ఇక్కడ మమ్మల్ని ప్రభువు చల్లగా చూస్తున్నాడు. ఆ మంచు ఊళ్ళో నిన్ను మాత్రం వెచ్చగా చూడమని అడుగుతున్నాం.

నీ ఉత్తరం అందింది. నువ్వున్న లీడ్స్ గురించి రాసిన రెండు పేజీలూ కాలేజీకి తీసుకెళ్ళాను. ఎకనామిక్స్ వ్యాసానికి నేను ఎంచుకున్న ఊరు అదేగా! ఒకప్పుడు ఊరంతా ఉన్ని మిల్లులు, బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు. అవి మూతపడ్డాక బ్యాంకులు, బీమా కంపెనీలు, లాయర్ల ఆఫీసులు, ఫోన్లలో జవాబులు చెప్పే పెద్ద పెద్ద హాళ్ళు. "కాలువ పక్కన మిల్లు గోడలు అలాగే ఉన్నాయి, లోపల మాత్రం ఫ్లాట్లు" అన్న నీ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసేశాను. "మగ్గం వదిలిన చేతులు కీబోర్డు పట్టాయి" అన్నది మాత్రం నా సొంతం. రాసుకుని, పైకి చదువుకుని, మురిసిపోయాను. అనసూయమ్మ మేడమ్ దాని కింద గీత గీసి, మగ్గాలు ఎటు పోయాయో రాశావు గానీ కీబోర్డులు ఎటు పోతాయో రాయలేదేమమ్మా అని అడిగారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ప్రశ్న మాత్రం నాతో పాటు బస్సెక్కి ఇంటికొచ్చింది.

నీ పక్క సీటు ఐలీన్ గారి గురించి రాసినది అమ్మకు చదివి వినిపించాను. బీమా క్లెయిముల పనంతా ఏదీ దాచుకోకుండా నేర్పుతున్నారనీ, చెవులకు చుట్టుకోమని తన మఫ్లర్ ఇచ్చేశారనీ విని అమ్మ చాలా సంతోషించింది. వాళ్ళ అమ్మమ్మ పనిచేసిన మిల్లులోనే ఆవిడ ఇప్పుడు ఫ్లాటు కొనడం ఎంత బాగుందో! పదమూడో తేదీ శుక్రవారం బ్యాంకు అప్పు కాగితాల మీద సంతకం అన్నావు. ఆఫీసు మూసేస్తారన్న పుకారు విని, సంతకం పెట్టనా మాననా అని ఆవిడ నిన్నే అడిగారట. పని ఎక్కువై పంచుకోవడానికే మమ్మల్ని పంపారు, మీ ఉద్యోగానికేం కాదు అని నువ్వు మాటిచ్చావట. అయినా ఆవిడ భయం పోలేదని, మన చర్చిలో ప్రార్థన చేయించమన్నావు.

ఈ రోజు చేయించాం. మనవి చీటీలు చదివే పని ఇప్పుడు నాది. ముందు కృతజ్ఞతలు. మన చర్చి లూకా అన్నయ్యకు మీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది నాన్నా! ప్యారడైజ్ దగ్గర మీ బిల్డింగులోనే ఏప్రిల్ నుంచి పై అంతస్తు కూడా తెరుస్తున్నారట. అందరూ "ఆమేన్" అన్నారు. ఆ తర్వాతి చీటీ ఐలీన్ గారిది. ఇంగ్లండులో లీడ్స్ పట్టణంలో ఉన్న సహోదరి ఉద్యోగం నిలబడాలని చదివాను. పాస్టరుగారు "ఐలీనమ్మ" అని పేరు పెట్టి మరీ ప్రార్థించారు. దానికీ అంతే గట్టిగా "ఆమేన్" వినిపించింది.

నిన్న మీ ఆఫీసు తుకారాం అంకుల్ వచ్చాడు. మంగళవారం ఆయన కూడా మీ దగ్గరికే బయలుదేరుతున్నాడుగా. గోంగూర పచ్చడి సీసా చూసి, "ఏంది వదినా, గింత పచ్చడా? విమానంల సీటు నాకిస్తరా, సీసాకిస్తరా?" అని నవ్వించాడు. నేను ట్యూషన్‌కు వెళ్ళి వచ్చేసరికి ఆయన వెళ్ళిపోయాడు. అమ్మ టీ గ్లాసులు కూడా తీయకుండా అలాగే కూర్చుని ఉంది. తలనొప్పి అంది.

ఇప్పుడు నా పక్కనే కూర్చుని ప్రతి లైనూ చదువుతోంది. ఇదివరకు నా ఉత్తరాలు ఎప్పుడూ చదివేది కాదు. ఆఫీసు సంగతులు ఎక్కువ రాయకు, నాన్న కంగారుపడతారు అంటోంది. అందుకే ఇక్కడితో ఆపుతున్నాను. ఆ మఫ్లర్ తీయకు.

నీ కూతురు,
సువార్త

తా.క.: సోమవారం. ఇది అమ్మ చదవనిది. సీసా, కవరూ అంకుల్‌కు ఇవ్వడానికి వెళ్తూ యాప్రాల్ బస్సులో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే క్షమించు.

ఐలీన్ గారి చీటీకి చర్చి అంతా ఆమేన్ అంది, అమ్మ అనలేదు. ఎదురుగా నిలబడ్డ నాకు కనిపించింది. నిన్న రాత్రి ఈ ఉత్తరం ముగించాక గట్టిగా అడిగితే ఏడ్చేసింది. శనివారం అంకుల్ చెప్పిపోయింది ఇదట: "పేతురన్న ఆడ పనంత నేర్చుకున్నడు. ఇగ ఆ ఆఫీసు బంద్, వదినా. నేను పొయ్యేది సుత గందుకే. ఆళ్ళ సీట్లన్నీ మన పై అంతస్తుకొస్తయి. అన్నకు మాత్రం చెప్పకుండ్రి. ఆయన మొఖంల ఏదీ దాగదు, నౌకరీకి తక్లీఫ్ అయితది." మరి ఏదీ దాచలేని మనిషినే ఎందుకు పంపారని అమ్మ అడిగిందట. "అన్న అబద్ధం ఆడడని చూస్తెనే తెలుస్తది గద. ఆయన ధైర్యం చెప్తే ఆళ్ళు నమ్ముతరు, ఆఖరి దాక మంచిగ నేర్పిస్తరు" అన్నాడట.

అంటే నువ్వు ఆవిడకు చెప్పినది నీకు తెలియని అబద్ధం. లూకా అన్నయ్య కూర్చోబోయేది ఐలీన్ గారి కుర్చీలో. ఆ రెండు చీటీలూ నేనే చదివాను.

అమ్మను ఏమీ అనకు. నీ ఉద్యోగం ఏమవుతుందోనని నాకూ భయంగానే ఉంది. కానీ నాన్నా, ఆవిడ శుక్రవారం సంతకం పెట్టబోతున్నది కంపెనీని నమ్మి కాదు, నిన్ను నమ్మి. అంకుల్ బుధవారం సాయంత్రానికి నీ గదికి చేరతాడు. ఈ కవరు ఆయన ముందు విప్పకు. ఆ తర్వాత నీకు మిగిలేది గురువారం ఒక్కటే.